మూడో ఆలస్యం

వంతెన దాటాక దారి రెండుగా చీలుతుంది. ఎడమకి కొండమీది రోడ్డు, కుడికి ఏటిపక్క రోడ్డు. ఎటు పోయినా జిల్లా ఆసుపత్రికే చేరుతుంది. మంగళవారం ఇంకా చీకటి విడవకముందే వెర్డీ స్టికిల్ కారుని కుడికి తిప్పింది.

"కొండమీంచి పోదాం వెర్డీ," అంది పక్క సీట్లోంచి ట్రెసా. "ఏటి రోడ్డులో రైలు అడ్డం పడిందంటే ఇక అంతే."

"కొండమీద మంచు గడ్డకట్టి ఉంటుంది. ఇరవై ఏళ్ళు ఈ రోడ్లమీద స్కూలు బస్సు నడిపానమ్మాయ్. ఏ రోడ్డు ఎప్పుడు జారుతుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నువ్వు కాసేపు కళ్ళు మూసుకో."

ట్రెసా వాదించలేదు. రాత్రంతా వృద్ధాశ్రమంలో పని చేసి, తెల్లారగట్ల అక్కడి స్నానాలగదిలోనే నర్సింగ్ విద్యార్థుల నీలం బట్టలు తొడుక్కుని, జుట్టయినా ఆరకుండా వచ్చి కారెక్కింది. తల అద్దానికి ఆనించిందో లేదో నిద్ర పట్టేసింది. వెర్డీ రేడియో గొంతు తగ్గించింది.

ఏరు మలుపు తిరిగే చోట గంట మోగింది. ఎర్ర దీపాలు వెలిగి ఆరుతుంటే అడ్డకర్ర కిందికి దిగింది. బొగ్గు వ్యాగన్లు ఒకటొకటిగా చీకట్లోంచి వచ్చి చీకట్లోకి పోతున్నాయి. పోయినంతసేపు పోయి, వేగం తగ్గి, ఒక పెద్ద మూలుగు మూలిగి, రైలు రోడ్డుకి అడ్డంగా ఆగిపోయింది. ముందున్న కార్లవాళ్ళు ఒక్కొక్కరే ఇంజిన్లు ఆపేశారు. ఈ లోయలో పుట్టి పెరిగినవాళ్ళెవరూ ఆగిన రైలుని చూసి హారన్ కొట్టరు.

ఆలస్యమంటే వెర్డీకి అసహ్యం. బస్సు నడిపినన్నాళ్ళూ ఒక్క స్టాపులోనూ పిల్లల్ని చలిలో నిలబెట్టలేదని పేరు తెచ్చుకున్న మనిషి. అప్పుడు కనబడింది, వరసలో కొంచెం ముందుగా ఆకుపచ్చ చిన్న కారు. ఎడమవైపు వెనకదీపం పగిలితే దానిమీద ఎర్ర టేపు అడ్డదిడ్డంగా అంటించి ఉంది. ఆ కారు ఎవరిదో వాళ్ళిద్దరి నర్సింగ్ బ్యాచి మొత్తానికీ తెలుసు. ఆసుపత్రి వార్డులో తమకి శిక్షణ ఇచ్చే మిస్ క్రమ్‌ది.

వెర్డీ ఊపిరి పీల్చుకుంది. పంతులమ్మే ఇక్కడ ఇరుక్కుంటే ఇక హాజరు తీసుకునేదెవరు? ట్రెసాని లేపి చూపిద్దామనుకుని చెయ్యి చాచింది. ఆ పిల్ల నోరు కొంచెం తెరుచుకుని, గడ్డం భుజంలోకి జారిపోయి, ఒళ్ళెరక్కుండా పడి ఉంది. పడుకోనీలే అని చెయ్యి వెనక్కి తీసుకుంది. సంచీలోంచి మాంసం ముక్కలు కూరి కాల్చిన పెపరోనీ రోల్ తీసి, కాగితం చప్పుడు కాకుండా విప్పి, సగం తిని, సగం ట్రెసా కోసం దాచింది.

రైలు కదిలి, తోక కనిపించేసరికి తూరుపు తెల్లబడింది. ఆకుపచ్చ కారు పట్టాలు దాటి వెళ్ళిపోయింది. ఆసుపత్రికి ఒక వీధి ముందు వెర్డీకి ఎర్ర సిగ్నల్ పడింది.

మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి నర్సుల బల్ల దగ్గర మిస్ క్రమ్ నిలబడి ఉంది. ఆమె పక్కన నర్సింగ్ విభాగం అధిపతి మిసెస్ డిల్లార్డ్, ఆమెకి అటుపక్క మెడలో అతిథుల బిళ్ళలు వేసుకున్న ఇద్దరు కొత్తవాళ్ళు. కాలేజీకి గుర్తింపు కొనసాగించాలా వద్దా అని చూడ్డానికి తనిఖీవాళ్ళు వస్తారని పదిహేను రోజులుగా అందరూ చెప్పుకుంటున్నదే. మిస్ క్రమ్ భుజాలమీద మంచు కరిగి చిన్న చిన్న నీటిచుక్కలుగా నిలిచి ఉంది.

"రాత్రి డ్యూటీవాళ్ళు పేషెంట్లని అప్పజెప్పడం అయిపోయింది," అంది ఆమె, ఇద్దరి ముఖాల్లోకీ చూడకుండా. "ఆలస్యం. ఇద్దరికీ."

వెర్డీ నోరు తెరిచింది. మిసెస్ డిల్లార్డ్ కాగితాల్లోంచి తలెత్తి, "ట్రెసా, ఇది నీకు మూడోది కదూ?" అంది.

"అవునండీ."

"మూడు ఆలస్యాలైతే తీసేస్తారన్న నిబంధన తెలుసు కదా. ఇక నువ్వు వార్డులో ఉండకూడదు. ఇంటికి వెళ్ళమ్మా. రేపు నా గదికి రా."

కేకల్లేవు, కోపాల్లేవు. ట్రెసా మెడలోని స్టెతస్కోపు తీసి, మడిచి, జేబులో పెట్టుకుని లిఫ్టు దగ్గరికి నడిచింది. ఇంటికి పొమ్మన్నారు గానీ వెళ్ళడానికి కారు వెర్డీది. సాయంత్రం దాకా ఆ పిల్ల కింద క్యాంటీన్‌లో, ఒక మూల బల్లమీద తలవాల్చి పడుకుంది.

వెర్డీకి ఆ రోజు ఒక ముసలి గనికార్మికుణ్ణి అప్పగించారు. చక్కెర జబ్బుతో కాలిమీద పుండు పడ్డ మనిషి. పాత కట్టు విప్పుతుంటే మిస్ క్రమ్ పక్కన నిలబడి చూస్తోంది. తడిపిన గాజుగుడ్డని పుండులోకి మెల్లగా, ఒత్తకుండా, ఖాళీ మిగలకుండా సర్దాలి. వెర్డీ సర్దింది.

"రైలు చాలాసేపే ఆపేసింది పొద్దున," అంది తలెత్తకుండా.

"పైన పొడి గుడ్డ వెయ్యి," అంది మిస్ క్రమ్. "అంచులకి టేపు బిగించకు. ఆయన చర్మం పల్చగా ఉంది."

"మా ముందు..."

"వెర్డీ. టేపు."

ముసలాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఆ కాలు నాదమ్మా, కొంచెం దయుంచండి," అన్నాడు.

సాయంత్రం తిరుగుదారిలో ఆకుపచ్చ కారు సంగతి వెర్డీ చెప్పింది. ట్రెసా పొద్దుటి సగం రోల్ ఒళ్ళో పెట్టుకుని దాని అంచులు తుంచుతూ కూర్చుంది.

"నువ్వు చూశావా కళ్ళారా?"

"ఎర్ర టేపు చూశాను. ఆమె తల వెనకభాగం చూశాను."

"నన్నెందుకు లేపలేదు?"

"నిద్ర చెడగొట్టడం ఎందుకులే అనుకున్నా," అంది వెర్డీ.

"ఇప్పుడు తీసేస్తే మళ్ళీ సీటు వచ్చే జనవరికి. అదీ ఖాళీ ఉంటేనే. జనవరికి నా అనాటమీ పాసై ఐదేళ్ళు దాటిపోతుంది. ఐదేళ్ళు దాటిన సైన్సు చెల్లదంటారు. అనాటమీ మళ్ళీ చదవాలి. అది పాసైతేగానీ ఫిజియాలజీలో కూర్చోనివ్వరు. అవి రెండూ అయ్యేసరికి మైక్రోబయాలజీకి కూడా ఐదేళ్ళు నిండుతాయి." చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు. బస్సులు ఎప్పుడెప్పుడు ఉన్నాయో చెప్పినట్టు చెప్పింది. "మా అమ్మ మొన్నే అడిగింది, రెండేళ్ళ డిగ్రీ అన్నావు, నీ కూతురు అప్పుడు ఉయ్యాల్లో ఉంది, ఇప్పుడు బడికి పోతోంది, ఆ రెండేళ్ళు ఇంకా అవలేదా అని."

"ఏం చెప్పావు?"

"నర్సింగ్‌లో చేరాక రెండేళ్ళే, చేరడానికే మూడేళ్ళమ్మా అన్నాను. ఇంగ్లీషు, లెక్కలు, రసాయనం, మనస్తత్వం అన్నీ అయితేగానీ దరఖాస్తే తీసుకోరన్నాను. ఆ తర్వాత వరసలో నిలబడాలన్నాను. ఆమెకి అర్థం కాలేదు. నాకూ అప్పుడప్పుడు కాదు."

వెర్డీకి అర్థమవుతుంది. ఆమెకి యాభై రెండు. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో సెమిస్టరుకి ఒక్కో సబ్జెక్టు చొప్పున చదువుకుంటూ వచ్చింది. అసోసియేట్ డిగ్రీ అనే ఈ రెండేళ్ళ చదువుకి అరవై చిల్లర క్రెడిట్లు కావాలని మొదటిరోజు కౌన్సెలర్ చెప్పినప్పుడు అదెంత అనుకుంది. ఇప్పుడు చివరి సెమిస్టరు. ఇద్దరిదీ.

బుధవారం ట్రెసా మిసెస్ డిల్లార్డ్ గదికి వెళ్ళొచ్చింది. అప్పీలు పెట్టుకుంటే శుక్రవారం విచారణ అన్నారట. సాక్షి ఉంటే తెచ్చుకోవచ్చన్నారట.

ఆ రాత్రి భోజనాల దగ్గర వెర్డీ భర్త హోబర్ట్ మొక్కజొన్న రొట్టెని చిక్కుడుగింజల గిన్నెలో ముంచుకుంటూ అంతా విన్నాడు. టైర్ల దుకాణంలో పని చేస్తాడు. చేతుల నలుపు ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోదు.

"అయితే నువ్వెళ్ళి ఆ పంతులమ్మ అబద్ధాలకోరని చెప్తావు. ఆ పంతులమ్మే నీకు మే నెలలో పాస్ అని సంతకం పెట్టాలి. అంతేనా?"

"అంతే."

"భలే ఉంది. మరి చెప్పకపోతే?"

"ట్రెసా పోతుంది."

"నీ దారి నువ్వు చూసుకోమని నేననను. అన్నా నువ్వు వినవు. కానీ వెర్డీ, అన్నేళ్ళనుంచీ ఈ బల్లమీద పుస్తకాలు పరిచి నన్ను సోఫాలో తినమన్నావు. మేలో ఈ బల్ల నాకు వెనక్కిస్తానన్నావు. అది మాత్రం గుర్తుపెట్టుకో."

"నీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వకపోతే ఏం చెయ్యమంటావు? కొండమీది రోడ్డెక్కి ఉంటే ఇదంతా ఉండేదా?" అన్నాడు, ఏదో మామూలుగా. ఆ ఒక్క మాట సరిగ్గా వెర్డీ నొప్పి ఉన్న చోటే తగిలింది. మంగళవారం మధ్యాహ్నం వార్డులో ఎవరో అనగా విన్నది, కొండరోడ్డు పొడిగా ఉందని, మంచు కరగడానికి ఉప్పు చల్లి వెళ్ళారని. ఆమె చెంచా గిన్నెలో పెట్టేసి, లేచి, అవసరం లేని గిన్నెలు కూడా కడిగింది.

గురువారం కాలేజీ ల్యాబులో బొమ్మ రోగులమీద సాధన. ఆ గదిలో మంచాలు నిజమైనవే, పడుకున్నవే బొమ్మలు. గంట అయ్యాక అందరూ వెళ్ళిపోతుంటే మిస్ క్రమ్, "వెర్డీ, ఈ దుప్పట్లు కొంచెం సర్దిపెడతావా?" అంది. సామాన్ల గదిలో ఇద్దరే మిగిలారు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని దుప్పటి మడవడం మొదలుపెట్టారు.

"రేపు నువ్వు వస్తున్నావని తెలిసింది," అంది మిస్ క్రమ్.

"అవునండీ."

"నేను నిన్ను భయపెట్టడానికి పిలవలేదు. ఏం జరిగినా నీ మార్కులు నీవే. అది ముందు చెప్తున్నా." దుప్పటి అంచులు కలిపి వెర్డీ చేతికిచ్చి, కిందిభాగం అందుకోవడానికి వంగబోయి ఆగింది. నడుముమీద చెయ్యి వేసుకుని, నిటారుగానే మోకాళ్ళు వంచి అందుకుంది. "మంగళవారం నేను లిఫ్టు దిగేసరికి తనిఖీవాళ్ళు అక్కడే ఉన్నారు. డిల్లార్డ్ వాళ్ళముందే అడిగింది, ఎంతసేపైంది వచ్చి అని. ఆరింటికే వచ్చాను, కింద మందుల గదిలో ఉన్నానన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. ఆ వెంటనే మీ లిఫ్టు వచ్చింది. అప్పుడు నేనేమనాలి?"

వెర్డీ దుప్పటిని ఇంకో మడత వేసింది.

"నాది ఏడాది ఏడాదికీ కాంట్రాక్టు. శీతాకాలం మొదట్లో ఒకసారి హెచ్చరిక ఇచ్చారు. రోగుల్ని ఎత్తి ఎత్తి నడుము పోయిందనే వార్డు వదిలి ఇటొచ్చాను. ఇదీ పోతే మళ్ళీ వార్డులోకి నన్నెవరూ తీసుకోరు."

"ట్రెసాకి కూతురుంది," అంది వెర్డీ.

"తెలుసు."

"రాత్రి పనిచేసి పొద్దున వస్తుంది."

"అదీ తెలుసు. ఆ పిల్ల చేతులు మంచివి. సూది గుచ్చితే రోగికి తెలియదు." మిస్ క్రమ్ మడిచిన దుప్పటిని అరలో పెట్టి, దాని అంచుని అరచేత్తో సాపు చేసింది. సాపుగా ఉన్నదాన్నే ఇంకోసారి సాపు చేసింది. "నిన్నేమీ అడగడం లేదు వెర్డీ. జరిగింది చెప్పానంతే."

అడగలేదంటూనే అడగడం ఎలాగో వెర్డీకి తెలుసు. బస్సులో వెనక సీట్లో కూర్చున్న పిల్లలు కూడా అలాగే అడిగేవారు. ఆమెమీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించింది. ఇంటికి పోయేదాకా ప్రయత్నిస్తూనే ఉంది.

శుక్రవారం విచారణకి వెళ్తూ, కాలేజీ ఆవరణలో కారు ఆపాక, వెర్డీ తాళంచెవి తియ్యకుండా కూర్చుంది.

"ఒక్కమాట విను. నేనొక్కదాన్నే చూశానంటే, నా మాట ఒకటి, ఆమె మాట ఒకటి. ఆమె పంతులమ్మ, నేను నీ స్నేహితురాల్ని. ఎవరి మాట నెగ్గుతుందో చెప్పక్కర్లేదు. నువ్వు కూడా చూశానన్నావనుకో..."

"నేను చూడలేదుగా."

"ఉన్నదే కదా మనం చెప్పేది? కారు అక్కడ ఉంది. ఓరి దేవుడా, నా కళ్ళముందే ఉంది! నేను లేపి ఉంటే నువ్వూ చూసేదానివే. లేపకపోవడం నా తప్పు. ఒక్క ముక్క. 'నేనూ చూశాను' అను. అబద్ధమేముంది అందులో?"

ట్రెసా తన చేతులకేసి చూసుకుంది. చేతులు తరచూ కడిగి కడిగి వేళ్ళ కణుపులదగ్గర చర్మం పగిలి ఉంది. "సరే పద, టైమవుతోంది," అంది. ఒప్పుకుందో లేదో వెర్డీకి తెలియలేదు.

విచారణ జరిగే గది చిన్నది. పొడుగుబల్లకి ఒకవైపు మిసెస్ డిల్లార్డ్, లెక్కల మాస్టారు మిస్టర్ ప్రూయిట్, విద్యార్థి వ్యవహారాల ఆఫీసునుంచి ఒకావిడ కూర్చున్నారు. బల్ల కొసన, గోడకి ఆనుకున్న కుర్చీలో మిస్ క్రమ్. నడుముకి దన్నుగా కోటు మడిచి పెట్టుకుంది.

వెర్డీని ముందు అడిగారు. ఆమె లేచి నిలబడి చెప్పింది. ఏటి రోడ్డు తనే ఎంచుకున్నానని, ట్రెసా కొండరోడ్డు అన్నా వినలేదని, రైలు ఆగిందని, ముందు ఆకుపచ్చ కారు ఉందని, దాని దీపానికి ఎర్ర టేపు ఉందని, మిస్ క్రమ్ అందులో కూర్చుని ఉందని. చెప్తున్నంతసేపూ మిస్ క్రమ్ వైపు చూడలేదు.

"అంటే మీరనేది, మీతోపాటే ఆమె కూడా ఆలస్యంగా వచ్చారని," అన్నాడు మిస్టర్ ప్రూయిట్.

"మాకంటే ఒక ఎర్ర దీపమంత ముందు వచ్చారండీ."

ఆఫీసావిడ నవ్వబోయి ఆపుకుంది. మిసెస్ డిల్లార్డ్ నవ్వలేదు. "మిస్ క్రమ్?"

"ఆ వేళకి నేను ఆసుపత్రిలో ఉన్నాను," అంది మిస్ క్రమ్. గొంతు నిలకడగానే ఉంది. "మంగళవారమే చెప్పాను కదా."

"చీకట్లో ఒక కారు ఇంకో కారులా కనిపించడం వింతేమీ కాదు," అన్నాడు ప్రూయిట్, వెర్డీని నొప్పించకుండా. "ఈ లోయలో టేపు అంటించిన దీపాలు చాలానే చూశాను. నా బండికీ ఉంది ఒకటి." తర్వాత ట్రెసా వైపు తిరిగాడు. "నువ్వూ అదే కారులో ఉన్నావు కదమ్మా. నువ్వేం చూశావు?"

హీటరు గొట్టంలో ఎక్కడో టంగుమని చప్పుడైంది.

"నేనేమీ చూడలేదండీ," అంది ట్రెసా. "నిద్రపోయాను."

వెర్డీ కళ్ళు మూసుకుంది.

ప్రూయిట్ పెద్దమనిషి. పిల్లలు తప్పు జవాబు చెప్తే ఇంకో అవకాశం ఇచ్చే అలవాటు ఉన్నవాడు. "తొందరపడకు. రైలు కదిలినప్పుడు చప్పుడైతే లేచి ఉంటావు. ముందుకి చూసి ఉంటావు. ఒకసారి గుర్తుచేసుకో."

"లేదండీ. ఆసుపత్రి గేటు దగ్గర లేచాను. కారు సంగతి సాయంత్రం వెర్డీ చెప్తేనే తెలిసింది. వెర్డీ లేనిది కల్పించి చెప్పే మనిషి కాదు. కానీ నేను చూశానా అంటే, చూడలేదు."

"ఇలా చెప్తే నీ అప్పీలుకి ఏమీ బలం ఉండదని తెలుసా?" అంది మిసెస్ డిల్లార్డ్.

"తెలుసండీ."

"ఇంకేమైనా చెప్పుకుంటావా?"

ట్రెసా లేచి నిలబడింది. "మొదటి రెండు ఆలస్యాలూ నావే. ఒకసారి పాపకి జ్వరం, ఒకసారి నా బండి కదల్లేదు. వాటికి నేనేమీ అనను," అని కూర్చుంది.

మిసెస్ డిల్లార్డ్ ఎదుట ఉన్న కాగితాలు దగ్గరికి చేర్చింది. ఆఫీసావిడ పెన్ను మూత పెట్టింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినబడి వెర్డీ తలెత్తింది. మిస్ క్రమ్ ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని, నొప్పి పుట్టకుండా కొంచెం కొంచెంగా లేచి నిలబడింది.

"ఆ కారు నాదే," అంది.

ఆఫీసావిడ పెన్ను మూత మళ్ళీ తీసింది.

"ఇడెల్లా," అంది మిసెస్ డిల్లార్డ్, మెల్లగా. మిస్ క్రమ్ సొంతపేరు ఆమె నోట వినడం వెర్డీకి అదే మొదటిసారి. "ఏమంటున్నావో తెలుసా?"

"తెలుసు. ఆరింటికి రాలేదు నేను. మందుల గదిలో లేను. పట్టాల దగ్గర ఉన్నాను. అద్దంలో వెనక వెర్డీ కారు కూడా చూశాను." ఆమె ట్రెసా వైపు చూసింది. నాలుగురోజుల్లో ఆ పిల్ల ముఖంలోకి సూటిగా చూడడం ఇప్పుడే. ఏదో అనబోయింది. అనలేదు. కోటు తీసుకుని కూర్చోవాలా వెళ్ళాలా తెలియనట్టు అక్కడే నిలబడింది.

వెర్డీనీ ట్రెసానీ బయట కూర్చోమన్నారు. నడవాలో ఒక బెంచీ, దానికెదురుగా గోడమీద నిరుడు పట్టా తీసుకున్నవాళ్ళ ఫోటో. కాసేపటికి ఆఫీసావిడ వచ్చి తీర్పు చెప్పింది. విద్యార్థులు ఏ వేళకి వచ్చారో చూడాల్సిన శిక్షకురాలే ఆ వేళకి వార్డులో లేదు కాబట్టి ఆ రోజు ట్రెసా ఆలస్యం లెక్కలోకి రాదు. మంగళవారం మామూలుగా వార్డుకి రావచ్చు.

"మరి నాది?" అంది వెర్డీ.

ఆఫీసావిడ కాగితం చూసుకుంది. "మీరు అప్పీలు చెయ్యలేదు కదండీ. మీది అలాగే ఉంటుంది."

బయట మంచు పడడం ఆగింది. ఇద్దరూ కారుదాకా నడిచారు. గెలిచినవాళ్ళు నడిచే నడకలా లేదది.

"చూశానని అనలేదని కోపమా?" అంది ట్రెసా.

"కోపం కాదు."

కోపం కాదు నిజమే, కానీ ఏమిటో వెర్డీకి వెంటనే పేరు దొరకలేదు. తను నిలబడి నిజమంతా చెప్పింది, గదిలో ఎవరూ కదల్లేదు. ఈ పిల్ల తనకి తెలియదని చెప్తే ఆ మనిషి లేచి నిలబడింది. కొంచెం అసూయ. అంతకంటే ఎక్కువగా, పొద్దున ఇదే కారులో కూర్చుని తను ఆ పిల్లకి నేర్పబోయిన ముక్క గుర్తొచ్చి సిగ్గు. స్టీరింగు చల్లగా ఉంది. చేతులు రుద్దుకుని బండి తీసింది. దారి చీలే చోట అడక్కుండానే కొండరోడ్డు ఎక్కించింది. ట్రెసా అది గమనించినట్టు లేదు. అప్పటికే నిద్రపోతోంది.

మంగళవారం వార్డులో మిస్ క్రమ్ ఉంటుందో ఉండదో ఎవరికీ తెలియదు. ఉంది. సెమిస్టరు మధ్యలో ఇంకొకరు దొరకరు కాబట్టి మే దాకా ఉండమన్నారని, ఆ తర్వాత కాంట్రాక్టు లేదని బ్యాచిలో గుసగుసలు. ఆమె ఎప్పటిలాగే నర్సుల బల్ల దగ్గర నిలబడి ఎవరికి ఏ గదో చెప్పింది. ట్రెసాకి కాథెటర్ పరీక్ష ఆ రోజే. మూత్రపు గొట్టం వెయ్యడం శిక్షకురాలి కళ్ళముందు ఒంటరిగా చేసి చూపించాలి. అది అయితేగానీ వార్డు శిక్షణ పూర్తయినట్టు కాదు.

మంచంమీద ఓసీ బ్లెవిన్స్ అనే ముసలమ్మ. తుంటి విరిగి చేరింది. భయపడుతోందని వెర్డీని పక్కన నిలబెట్టి చెయ్యి పట్టుకోమన్నారు.

"నొప్పి పెడుతుందా బంగారం?" అంది ముసలమ్మ.

"కొంచెం చిరాగ్గా ఉంటుందమ్మమ్మా, నొప్పి ఉండదు," అంది ట్రెసా. చేతులు కడుక్కుని, ప్యాకెట్టు అంచులు బయటివైపుకే విప్పి, లోపలి గుడ్డ తాకకుండా పరిచింది. శుభ్రమైన తొడుగులు ఒకదాని తర్వాత ఒకటి, వేలు వేలుకి తగలకుండా తొడుక్కుంది. తుడిచింది. గొట్టం చేతిలోకి తీసుకుంది. మంచానికి అటుపక్క ఉన్న పళ్ళెంవైపు వంగినప్పుడు గొట్టం కొస దుప్పటికి ఇలా తగిలి అలా వచ్చేసిందని వెర్డీకి అనిపించింది. తగిలితే ఇక ఆ గొట్టం పనికిరాదు, దాంతో క్రిములు లోపలికి పోతాయి. తగిలిందో లేదో. కనురెప్పపాటు. తను నిలబడ్డ చోటునుంచి ఖాయంగా చెప్పలేకపోయింది.

మిస్ క్రమ్ మంచం కాళ్ళవైపు ఉంది. ఆమె ముఖంలో ఏమీ లేదు.

ట్రెసా చెయ్యి ఆగింది. "తగిలింది," అంది. గొట్టం పక్కన పడేసింది.

"తగిలింది," అంది మిస్ క్రమ్. "కొత్తది తెచ్చుకో. మొదటినుంచి."

వెర్డీ ముసలమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈ మనిషి ఈ పిల్లకి ఈ ఒక్కటీ వదిలెయ్యలేదా అనుకుంది. వెంటనే, వదిలేస్తే ఈ ముసలమ్మ ఏం కావాలనీ అనుకుంది.

ట్రెసా తొడుగులు విప్పింది. కొత్త ప్యాకెట్టుకి వెళ్ళేముందు, ముసలమ్మ మోకాళ్ళమీద తెరిచి ఉన్న దుప్పటిని కిందికి లాగి, పాదాలదాకా కప్పింది. "ఒక్క నిమిషం అమ్మమ్మా. చలేస్తోందా?"

"వెయ్యడంలేదులే. నీ పని నువ్వు చూసుకో."

ట్రెసా గోడవార చేతులు కడిగే తొట్టి దగ్గరికి వెళ్ళింది. మిస్ క్రమ్ కూడా అటే నడిచింది. పగిలిన ఆ చేతులకేసి ఒకసారి చూసి, మోచేత్తో వేడినీళ్ళ కుళాయి పిడి నెట్టింది. ఆ పాత భవనంలో నీళ్ళు వెచ్చబడడానికి కొంతసేపు పడుతుంది. అవి వెచ్చబడేదాకా ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు, కారుతున్న నీళ్ళని చూస్తూ నిలబడ్డారు.